కంప కొట్టొద్దన్న కదిరమ్మ

కదిరమ్మ పంచాయతీ మెంబరయింది పంతొమ్మిది వందల అరవై నాలుగులో. కొత్త చట్టం వచ్చి, ఆడవాళ్ళకూ చోటుండాలంది. బత్తలపల్లె దాపునున్న ఆ పల్లెలో పెద్ద ఇళ్ళ ఆడవాళ్ళు మగవాళ్ళ నడుమ కూర్చోవడం మర్యాద కాదని, ప్రెసిడెంటు గంగాధరప్ప హరిజనవాడ వైపు చూశాడు. కదిరమ్మ శెనక్కాయ పెరికే కాలంలో కూలీలను కూడగట్టే మనిషి. చదువు లేదు. వేలిముద్ర వేసి పోతుందిలే అనుకున్నాడు. పోటీకి ఎవరూ రాలేదు.

మొదటి మీటింగుకు కబురు ఆమెకు కాదు, మొగుడు సుంకప్పకు వచ్చింది. సుంకప్ప పోయి, టీ తాగి, మాపటికి తిరిగొచ్చాడు.

"ఏం మాట్లాడినారు ఆడ?" అని అడిగింది కదిరమ్మ.

"ఏమో. టీలో బెల్లం బాగా ఏసినారు."

కదిరమ్మకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి, "ఈ తూరి నేనే పోతా. నువ్వు మేకల్ని చూసుకో," అంది.

అన్నట్టే పోయింది. గంగాధరప్ప వసారాలో రెండు బెంచీలు వేసి ఉన్నాయి. వాటి మీద మగ మెంబర్లు కూర్చున్నారు. కదిరమ్మకు మెట్ల కింద చోటు చూపించారు. ఆమె కూర్చోలేదు.

"కింద కూచుంటే నా మాట మీ మోకాళ్ళకే ఇనపడతాది సామీ," అంది.

గొర్రెలు మేపే ముసలి మెంబరు బయ్యన్న కంబళి సర్దుకుని పక్కకు జరిగాడు. "నా మోకాళ్ళకు ఉండే నొప్పులు సాలు, ఇంక నీ మాటలు యాడ మోస్తాయి? రా, ఈడ కూచో," అన్నాడు.

ఆమె కూర్చోగానే అదే బెంచీ మీదున్న ఇద్దరు లేచి గోడకు ఆనుకున్నారు. తరువాతి మీటింగులోనూ నిలబడే విన్నారు. ఆ పై మీటింగుకు కాళ్ళు లాగి, వచ్చి కూర్చున్నారు.

ఊరి వెనక పారే వంక గట్టున దట్టంగా కంపచెట్లుండేవి. వాటిని కొట్టించి, ఆ నేలను గడ్డివాములకు వేలం వేయాలని గంగాధరప్ప తలపెట్టాడు. ఆ మాట ఊరంతా పాకింది. ఒకరోజు పొద్దున కూలికి పోతున్న కదిరమ్మను ఆయన పెరటి గోడ మీంచి ఎవరో, "మెంబరమ్మా," అని పిలిచారు. చూస్తే ప్రెసిడెంటు భార్య హనుమంతమ్మ. ఆ ఇంటివాళ్ళు తనను అలా పిలవడం కదిరమ్మ ఎన్నడూ వినలేదు.

"ఆ కంప కొట్టేస్తే ఆడోళ్ళం యాడికి పోవాల మే? నువ్వే అడ్డం పడాల," అంది హనుమంతమ్మ.

"ప్రెసిడెంటు మీ ఇంట్లోనే ఉండాడు గదమ్మా."

"ఇంట్లో మాట ఆయప్ప చెవికి ఎక్కుతుందా? నా పేరు మాత్రం చెప్పొద్దు."

మీటింగులో వేలం సంగతి రాగానే కదిరమ్మ లేచింది. "కంప కొట్టొద్దు సామీ."

"పనికిరాని కంప అది," అన్నాడు గంగాధరప్ప.

"మీకు పనికిరాదు. చెంబు పట్టుకొని పట్టపగలే వంకలోకి పోతారు మీరు. మాకు ఆ చాటు తప్ప ఇంకేముండాది? ఆ ఇల్లు ఈ ఇల్లు అని లేదు, తెల్లారకముందే ఆడోళ్ళంతా ఆడికే పోవాల."

అందరి తలలూ వాలిపోయాయి. ఒకాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఆ వసారాలో ఎవరికీ తట్టలేదు.

"ఎవురు అడగమన్నారు నిన్ను?" అన్నాడు గంగాధరప్ప.

"ఆడోళ్ళు."

లోపల తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. గంగాధరప్ప అటు చూశాడు. బయ్యన్న దగ్గు వచ్చినట్టు మూతికి కంబళి అడ్డం పెట్టుకున్నాడు. వేలం ఆగిపోయింది.

మరుసటేడు ఆ కంపకు ఊరి వైపున పంచాయతీ రాతిగోడ కట్టించింది. రాళ్ళు మోసిన కూలీల్లో కదిరమ్మా సుంకప్పా ఉన్నారు. హనుమంతమ్మ అందరికీ మజ్జిగ పంపింది. పెద్ద కులాలవాళ్ళకు గ్లాసుల్లో ఇచ్చి, వీళ్ళకు ఎప్పటిలాగే దోసిట్లో ఎత్తి పోశారు. కదిరమ్మ తాగి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మజ్జిగ బాగుండాది," అంది మొగుడితో. "వచ్చే మీటింగులో గ్లాసుల సంగతి ఎత్తాల."