ఫైల్ల రాయని స్టాప్

మా ఆఫీసు పటాన్‌చెరుల. చుట్టుపక్కల కంపెనీలకు స్టాఫ్ బస్సులు, హాజరు చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. నేను చేరి అప్పటికి మూడు నెల్లు. అమ్మ పనిచేసే మందుల కంపెనీ కూడా మా కస్టమరే. అమ్మ పదహారేండ్ల సంది ఆడ ప్యాకింగ్ చేస్తది.

మొదట్ల మా సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌ల పదిమందితోని పంచుకున్న సర్వర్ మిషిన్ మీద నడిచేది. వేరేటోళ్ల లోడు పెరిగితే మాది కుంటేది. "ఇగ ఈ పంచాయితీ వద్దు, మిషిన్ మొత్తం కిరాయికి తీస్కుందాం" అన్నడు మా సారు. గదే బేర్ మెటల్. కిరాయికి ఒక్క రూము కాదు, ఇల్లుకిల్లే మనదైనట్టు. కొత్త మిషిన్ మీద ఏమేం ఉండాల్నో ఒక ఫైల్ల రాస్తే, డిప్లాయ్‌మెంట్ టూల్ చదివి అన్నీ వరుసగ పెడతది. రాయంది మాత్రం పెట్టదు. సారుది రోజూ ఒకటే పాట: "మిషిన్ మీద చేత్తోని ఏం గెలకకు, ఫైల్ల రాయి."

నేను గెలికిన. అమ్మకు మోకాళ్ల నొప్పులు. బస్సెక్కాలంటే బొంతపల్లి కమాన్ దాకా కిలోమీటరున్నర నడవాలె. బస్సేమో మా ఇంటి మలుపు ముంగటి నుంచే పోతది. ఆడ ఆపుతమని అమ్మ కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసోళ్లు ఒప్పుకున్ననాడు, సంబురంల సీదా పాత మిషిన్ మీదనే ఆ స్టాప్ ఎక్కించిన. ఫైల్ల తర్వాత రాద్దామనుకున్న, మర్చిపోయిన.

కొత్త మిషిన్‌కు మారే రోజే అమ్మకు పెద్ద రోజు. "రేపటి సంది ప్యాకింగ్ లైన్ నువ్వు చూడు, టైముకు రా" అన్నడట ముందునాడు సూపర్‌వైజరు. పదహారేండ్లకు లైన్ లీడర్! అమ్మ ప్యాకింగ్‌ల పెట్టుకునే నీలం టోపీ రెండుసార్లు ఉతికి ఆరేసింది. "పొద్దుగాల ఫోన్ చెయ్యకమ్మా, మిషిన్ మారుస్తున్నం" అని నేనే చెప్పిన.

ఆరింటికి టూల్ నడిపిన. తప్పు పడ్డదని చూపే ఎర్ర గీత ఒక్కటి రాలే. పాత మిషిన్ వాపస్ ఇచ్చేసినం. సారు చాయ్ తెప్పిచ్చిండు. నా అంత మొనగత్తె లేదనుకున్న.

తొమ్మిదిన్నరకు హాజరు ఎంట్రీలు వస్తున్నయా అని చూస్తుంటే, లేటు వచ్చినోళ్ల పట్టీల అమ్మ టోకెన్ నంబరు కనబడ్డది. ఇరవై నిమిషాలు లేటు. కారణం: నిద్ర లేవలేదు.

మా అమ్మ నాలుగింటికే లేస్తది. ఆ పొద్దు నన్ను లేపి చాయ్ ఇచ్చిందే ఆమె! జల్దీ స్టాప్‌ల లిస్ట్ తీసిన. మా మలుపు లేదు. డ్రైవరు బీహార్ నుంచి వచ్చిన కొత్తోడు, ఫోన్‌ల లిస్ట్ చూసే ఆపుతడు. అమ్మ చెయ్యెత్తి ఉంటది, బస్సు పోయి ఉంటది. నన్ను నేనే రెండు పీకుకోవాలనిపిచ్చింది.

సారుకు ఉన్నదున్నట్టు చెప్పిన. "మొత్తుకుంటి గదనమ్మా!" అని గట్టిగనే తిట్టిండు. పక్కన కూసొని స్టాప్‌ను ఫైల్ల రాయించి టూల్ మళ్ల నడిపిచ్చిండు.

సాయంత్రం మలుపు కాడ నిలబడ్డ. బస్సు ఆగింది. అమ్మ కడ్డీ పట్టుకొని మెల్లగ దిగింది.

"లైన్ ఏమైందమ్మా?"

"నేను ఆటో పట్టుకొని పోయేవరకు ఇంకొకామెకు ఇచ్చిన్రు తియ్యి."

"బస్సు ఆపలేదని చెప్పొద్దా? నిద్ర లేవలేదని ఎందుకు రాయిచ్చినవ్?"

"బస్సంటే మీ ఆఫీసును అడుగుతరు. వాళ్లు నిన్ను అడుగుతరు. నీది మూడు నెల్ల కొలువు, బిడ్డా. నాది పదహారేండ్లది. ఒక్క లేటు నాకైతే అరుగుతది."

"నేను సారుకు అంతా చెప్పేసిన."

"ఓ పిచ్చిదానా! చెప్పినవా? నా అబద్ధం ఉత్తగనే పాయె గదనే!" అని నెత్తి కొట్టుకున్నది.

నాకు ఏడుపాగలే. రోడ్డు మీదనే ఏడ్చిన. అమ్మ టిఫిన్ డబ్బా నా చేతుల పెట్టి, నా భుజం పట్టుకున్నది.

"నడువిగ. కాళ్లు గుంజుతున్నయి."