పాడైన రెండో బాతు

మహాసామ్రాజ్యాలు కూలిన తేదీలు మనకు తెలుసు. కానీ ఒక డిగ్రీ విద్యార్థిని పుస్తకం తెరిచిన మరుక్షణం సూదిలో దారం ఎక్కించే అలవాటు ఏనాడు మొదలైందో ఏ చరిత్రకారుడూ రాసిపెట్టలేదు. ఆ చారిత్రక క్షణంలో ఇంట్లో ఉన్న ఇద్దరు సాక్షులూ భోజనం చేస్తున్నారు.

ఆ విద్యార్థినిని ఇంట్లో సూదిపిల్ల అంటారు. ఒడిలో పుస్తకం, ఎడమచేతిలో రింగు, రింగులో బిగించిన గళ్ల బట్ట. ఒక్కో గడిలో రెండు దారాలు అడ్డంగా దాటితే ఒక క్రాసు. అలాంటివి కొన్ని వేలు కుడితే చెరువూ, అందులో రెండు బాతులూ వస్తాయి. నియమం ఒక్కటే: పైన పడే దారం ప్రతి గడిలోనూ ఒకే వైపుకు వాలాలి.

మొదటి బాతు అద్భుతంగా వచ్చింది. అదే నెలలో స్టాటిస్టిక్స్ పేపరు పోయింది.

అమ్మ చొక్కాల కార్ఖానాలో పదిహేనేళ్లుగా చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తోంది. కుట్టు మీద బొటనవేలు పోనిచ్చి తప్పు పట్టేస్తుంది. ఆమె తీర్పు మీద అక్కడా అప్పీలు లేదు, ఇంట్లోనూ లేదు.

"బాతు పాసైంది, నువ్వు తప్పావు" అంది. రింగూ, బట్టా, దారం లచ్చీలూ బీరువాలోకి వెళ్లాయి. మళ్లీ రాసే పరీక్ష అయ్యేదాకా విడుదల లేదు. ఈసారీ తప్పితే మూడో ఏడాదిలోకి రానివ్వమని కాలేజీ వాళ్లు ముందే చెప్పారు.

సూదిపిల్ల చదవడానికి కూర్చుంది. చేతులు మాత్రం కూర్చోలేదు. బల్ల అంచు గీకాయి, కర్టెన్ పోగులు లాగాయి, ఆఖరికి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా మీద పడ్డాయి. కళ్లు ఒకే పేజీ మీద మూడు రోజులు నిలబడ్డాయి. అమ్మమ్మ ఓపిగ్గా చూసింది. పట్టా సగమయ్యాక లేచి బీరువా తీసింది.

"తీసుకోవే తల్లీ. ఇది మొత్తం పీకేస్తే మీ అమ్మ నన్ను తెచ్చి గుమ్మంలో పరుస్తుంది."

"అమ్మ తిడితే?"

"నాకు వినపడదుగా. ఈ వయసుకి అదొక్కటే సుఖం."

పరీక్షకు రెండు రోజులుందనగా కార్ఖానాలో కరెంటు పోయి అమ్మ పెందలాడే వచ్చింది. సూదిపిల్ల రింగును పుస్తకం కిందికి తోసింది కానీ, దారం కొస బయటే ఉండిపోయింది.

"ఇటివ్వు."

"చదువుతూనే కుడుతున్నానమ్మా. ఒట్టు."

"పోయినసారీ ఇదే ఒట్టు."

"చేతులు ఖాళీగా ఉంటే బుర్రలోకి ఒక్క ముక్క ఎక్కట్లేదమ్మా. నిజంగా."

"చదువుతోందే పిల్ల. పైకి చదువుతుంటే నేను విన్నాను" అంది అమ్మమ్మ.

"నీకు వినపడదుగా?"

అమ్మమ్మకు తక్షణం వినపడటం మానేసింది.

అమ్మ రింగు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. కళ్లజోడు పెట్టుకుంది. బొటనవేలు మొదటి బాతు మీంచి నున్నగా జారిపోయింది. రెండోదాని మెడ దగ్గర ఆగింది. రెక్క దగ్గర మళ్లీ ఆగింది. తోక దగ్గరైతే ముందుకు కదల్లేదు.

"ఇదేంటే? ఇక్కడ దారాలు కుడికి వాలాయి, ఇక్కడేమో ఎడమకి. మా టేబుల్ మీదికొస్తే విసిరి కొడతాను."

సూదిపిల్ల తొంగి చూసింది. మొహం పాలిపోయింది. ఆ తప్పులు అప్పటిదాకా ఆమె కంటికి కనబడనేలేదు.

"అయ్యో... రెక్క కుట్టేటప్పుడు ప్రాబబిలిటీ చదువుతున్నాను."

"మెడ?"

"మీన్, మీడియన్."

"మరి తోక? ఒక్కటీ తిన్నగా లేదు."

"ఆ చాప్టరు అర్థం కాలేదమ్మా. నాలుగుసార్లు చదివాను."

అమ్మ తోక మీది కుట్లు మరోసారి తడిమింది. తర్వాత మొదటి బాతు మీద వేలు పెట్టింది. "ఇది కుట్టినప్పుడు ఏం చదివావు?"

సూదిపిల్ల చాలాసేపు ఆలోచించింది. "గుర్తులేదు" అంది, చిన్నగా.

"గుర్తుండదు. అప్పుడు నీ కళ్లు బాతు మీదున్నాయి. ఈసారి పుస్తకం మీదున్నాయి." పదిహేనేళ్లలో ఒక తప్పుడు కుట్టును చూసి అమ్మ మొహం వెలగడం అదే మొదటిసారి. రింగు కూతురి చేతిలో పెట్టి, నుదుటి మీద పడ్డ జుట్టు వెనక్కి తోసింది. "ఇంకా రెండ్రోజులుంది. కూర్చుని చెరువంతా పాడుచెయ్యి."

ఆ రెండు రోజులూ అమ్మ పక్కనే కూర్చుని సూదుల్లో నీలం దారం ఎక్కించి అందించింది, కూతురు పేజీ మీంచి కళ్లెత్తే పని లేకుండా. నీళ్లు ఎటు వాలాలో తెలియక అన్ని వైపులకూ వాలాయి.

ఒక అమ్మాయి తన కుట్టునూ, ఒక తల్లి తన వృత్తిధర్మాన్నీ పణంగా పెట్టిన ఈ మహోద్యమ ఫలితం నెల తిరక్కుండా కాలేజీ గోడ మీదికొచ్చింది. ముగ్గురూ వెళ్లి చూశారు.

పాసు కావడానికి ముప్పై అయిదు రావాలి. ముప్పై ఆరు వచ్చాయి.