కరెంటు పుట్టే ఊళ్లో మూడో మిషన్

జనం వెబ్‌సైట్లను మా దగ్గర పెట్టుకుని నడిపే వ్యాపారం చేస్తానంటే ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. గోదాములాంటిదే, వడ్లకు బదులు ఫొటోలూ పాటలూ దాచుకుంటారు అని చెప్పాను. మా బాపు అంతా విని, "మరి గోదాం ఏదిరా?" అన్నాడు. నిజమే, గోదాము లేదు. మూడు పాత సర్వర్లున్నాయి, అంతే.

హైదరాబాద్‌లో చోటు అద్దెకు తీసుకునే స్తోమత లేక, ఆ మూడింటినీ మూడు ఊళ్లలో పెట్టి ఒక జట్టుగా కలిపాను. ఒకటి జనగామలో మా ముందు గదిలో, ఒకటి మహబూబాబాద్‌లో దోస్తు ఫొటో స్టూడియోలో, మూడోది భూపాలపల్లిలో మా బావ ఎరువుల దుకాణంలో. ఏది దాచినా మూడింటిలోనూ చేరుతుంది. ఒకటి పడిపోతే మిగతా రెండూ పని నడుపుతాయి. ఒక్కటే మిగిలితే మాత్రం అది తనంతట తానే ఆగిపోతుంది. మిగతావి చచ్చాయో, తనే తెగిపోయిందో దానికి తెలియదు కదా! భూపాలపల్లి మిషన్ మీద నాకు గుడ్డి నమ్మకం. కరెంటు తయారయ్యే ఊరు, అక్కడ కరెంటు పోవడమేమిటి?

పోయేది. రోజూ సాయంత్రం పోయేది. షటరు దించే ముందు మెయిన్ బంద్ చేయడం మా బావకు దుకాణం పెట్టినప్పటి నుంచీ అలవాటు. ఎదుటి దుకాణం షార్ట్ సర్క్యూట్‌తో తగలబడటం కళ్లారా చూసిన మనిషి. మళ్లీ పొద్దున దుకాణం తెరిచాకే మిషన్ లేచేది. బతిమాలాను, అలిగాను, స్విచ్చు మీద ఎర్ర టేపు అంటించాను. "చెయ్యొద్దనే అనుకుంట బామ్మర్దీ, చెయ్యే పోతది" అనేవాడు. ఏం చేయను, నా ఖర్మ! అద్దె మాటెత్తకుండా దుకాణంలో మూల ఇచ్చినవాడి మీద గొంతు పెంచలేను.

మా మొదటి ఖాతాదారు కొత్తగూడ దగ్గరి తండాలో ఉండే ఒక టీచరక్క. వాళ్ల ఇంటి భాషలో తల్లిని యాడి అంటారు. ఆ యాడి పాడే తీజ్ పండుగ పాటలూ, పెళ్లికూతురు అత్తగారింటికి వెళ్లేటప్పుడు ఏడుస్తూ పాడే పాటలూ ఫోన్లో రికార్డు చేసి మా దగ్గర పెట్టింది. జాగా చాలక ఫోన్లోవి తీసేసింది. మూడు ఊళ్లలో ఉన్నాయి కదా అని ధైర్యం.

యాడి పోయింది. దినకర్మ ఆదివారం పడింది. కూలిపనులకు దూరాలు వలసపోయిన వాళ్లంతా తండాకు చేరారు. భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి తల్లి గొంతు వినిపించాలని అక్క ఆశ. బడి నుంచి స్పీకరు కూడా తెచ్చిపెట్టుకుంది. ఆ పొద్దున్నే మహబూబాబాద్‌లో రోడ్డు తవ్వుతున్న జేసీబీ ఇంటర్నెట్ తీగ తెంపేసింది. బావేమో ముందురోజే మెయిన్ బంద్ చేసి, ఇంటిల్లిపాదితో టేకుమట్లలో పెళ్లికి వెళ్లాడు. ఇక మిగిలింది నా గదిలోది ఒక్కటే. లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి, పాటలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి, ఇవ్వనంటోంది. బలవంతంగా లేపే దారి లేకపోలేదు. వెనక ఒకసారి పరీక్షకని అలా లేపితే సగం ఫైళ్లు పాడయ్యాయి. ఇప్పుడు పాడైతే ఆ గొంతు ఇంకెక్కడా దొరకదు. నాకు చెయ్యి రాలేదు.

బస్సెక్కాను. హనుమకొండలో మారి, పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. దారి పొడుగునా చేస్తూనే ఉన్నా బావ ఫోనెత్తలేదు. పెళ్లి బ్యాండులో ఏం వినబడుతుంది! తాళంచెవి ఆయన జేబులో ఉంది. దుకాణం మెట్ల మీద కూలబడ్డాను. నాకూ మిషన్‌కూ మధ్య ఒక్క షటరు రేకు.

తండా నుంచి ఫోనొచ్చింది. "తమ్మీ, అన్నాలైనయి. అందరు కూసున్నరు. జర జల్ది చెయ్యరాదూ" అంది అక్క. వస్తుందక్కా అన్నాను. మళ్లీ చేసింది, మళ్లీ అదే అన్నాను. ఆ తర్వాత మోగితే ఎత్తలేకపోయాను. ఎత్తి ఏం చెప్పను? నా మీద నాకే రోత పుట్టింది.

బావ పొద్దుగూకే వేళకు వచ్చాడు, తలలో అక్షింతలతోనే. పాపం, నన్ను చూడగానే షటరు లేపి మెయిన్ వేశాడు. మిషన్ లేచింది, జనగామ దాన్ని గుర్తుపట్టింది, సైటు తెరుచుకుంది. అక్కకు ఫోన్ చేశాను. కాసేపటికి అటువైపు నుంచి యాడి పాట వినిపించింది, మధ్యమధ్య దగ్గుతో సహా. నాకు ఏడుపు ఆగలేదు.

మంచిగా వస్తోందా అని అడిగాను.

"మంచిగనే వస్తంది తమ్మీ" అంది. "ఆటోలన్ని ఎల్లిపోయినయి. నేనొక్కదాన్నే ఇంటున్న."

ఆ పాట అయిపోయింది. ఇంకోటి పెడతానుండు అంది. నా వెనక టక్కుమని చప్పుడైంది. తిరిగి చూస్తే బావ ఒక చేత్తో షటరు పట్టుకుని ఉన్నాడు, ఇంకో చెయ్యి మెయిన్ మీద ఉంది.

"తమ్మీ" అంది అక్క, "మళ్ల పోయింది."