ముప్పైసార్లు నమిలే మామయ్య

ఏ ముద్దనైనా ముప్పైసార్లు నమిలితే తప్ప మామయ్య మింగేవాడు కాదు. అదీ మనసులో లెక్కపెట్టుకుని కాదు. ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ, షెడ్డంతా చూసేలా. కాటాలు బాగుచేసే ఆ రేకుల షెడ్డు ఇప్పుడు లేదు. కానీ అందులో పనిచేసినవాళ్ళు ఎక్కడ కలిసినా ముందు తలుచుకునేది ఆ వేళ్ళనే. మంచినీళ్ళు కూడా నమిలేవాడని వెల్డింగాయన ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

భోజనాల వేళ ఎవరైనా వచ్చి, "మా కాటా ఎప్పుడిస్తారు?" అంటే, మామయ్య పద్దెనిమిది దగ్గరుంటే చెయ్యెత్తి ఆగమనేవాడు. ముప్పై కాగానే "రేపు" అని ఇంకో ముద్ద పెట్టుకునేవాడు. "పొద్దున్నా, సాయంత్రమా?" అని అడిగిన పాపానికి ఆ మనిషి ఇంకో ముప్పై నిలబడాల్సిందే.

ఈ నమలడం మొదలవక ముందు మామయ్య నూట నలభై రెండు కిలోలు. బాగుచేసిన పెద్ద కాటాల మీద తనే ఎక్కి కూర్చుని పరీక్షించేవాడు. తూకపు రాళ్ళు మోసే పని తప్పిందని షెడ్డంతా సంతోషించేది. షుగరుకి పూటకో సూది. చివరికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాడు. "నాకంటే ముందు నా షుగరు డిశ్చార్జి అయింది," అని కనబడినవాడికల్లా చెప్పుకునేవాడు, దారి అడగడానికి ఆగినవాడితో సహా.

ఆ గొప్పలు వినీ వినీ, అక్కడే ఎలక్ట్రానిక్ కాటాల వైర్లు అతికే మేనకోడలు నాలుగేళ్ళ తర్వాత అదే ఆపరేషన్ చేయించుకుంది. ఆమె షుగరూ పోయింది. ఏడేళ్ళు అజాపజా లేదు. ఎనిమిదో ఏడు రక్తపరీక్షలో మళ్ళీ కనబడింది.

ఆ కాగితం పనిముట్ల డబ్బా కింద దాచేసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆకలి లేదంటూ మధ్యాహ్నం భోజనం మానేసింది. నాలుగో రోజు మామయ్య వచ్చి ఆమె ఎదురుగా పీట వేసుకున్నాడు.

"ఎంతొచ్చిందమ్మాయ్?"

"ఏంటి మామయ్యా?"

"పరగడుపున."

"బాగానే ఉంది."

"వణికే కాటా ముళ్ళు చూస్తూ ముసలాణ్ణయ్యాను. నా దగ్గరా?"

కాగితం తీసిచ్చింది. "నేనే ఎక్కడో తప్పు చేసుంటాను. ఆపరేషనంతా దండగ చేసుకున్నాను."

మామయ్య చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. "నాది మూడేళ్ళ కిందటే తిరిగొచ్చింది."

"మరి ఊరంతా ఆ కోతలేంటి?"

"డిశ్చార్జి అయిందన్నాను. మళ్ళీ రాలేదని ఎవరితోనైనా అన్నానా?" అని గొంతు తగ్గించాడు. "మనం సరిచేసిచ్చిన కాటా ఏళ్ళు వాడితే ముల్లు కాస్త జరుగుతుంది. తెస్తారు, మళ్ళీ సరిచేస్తాం. అన్నాళ్ళు తూచిందంతా దండగేనా? తొమ్మిదేళ్ళు సూది లేకుండా తిరిగాను. అన్నేళ్ళూ నా కళ్ళకీ కిడ్నీలకీ సెలవులేనన్నాడు డాక్టరు. ఇప్పుడు రోజుకో మాత్రతో సరి. నువ్వేమో ముల్లు జరిగిందని కాటాని పస్తు పెడుతున్నావు."

మర్నాడు అత్తయ్యని తోడిచ్చి పంపాడు. ఆసుపత్రి బెంచీ మీద మేనకోడలు ఊసుపోక అడిగింది. "ఆ ముప్పై లెక్కతో ఇంట్లో భోజనానికి ఎంతసేపు పడుతుందత్తయ్యా?"

"ముప్పై ఎక్కడిదే? నెమ్మదిగా తింటే చాలని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఇంట్లో పదిహేనుకే మింగేస్తాడు. నేను అరిస్తే ఇరవై."

మేనకోడలికి ఆపరేషన్ తర్వాత షెడ్డులో మొదటిసారి అందరితో భోజనానికి కూర్చున్న రోజు గుర్తొచ్చింది. నాలుగు ముద్దలకి అరగంట. అంతా తననే చూస్తారని భయపడింది. ఎవరూ చూడలేదు; అందరూ మామయ్య వేళ్ళు చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వుతున్నారు. అప్పట్నుంచీ ఆఖరున లేచేది మామయ్యే. ఆమె ఏనాడూ ఆఖరు కాలేదు.

మూడో రోజు భోజనం కాగానే ఆమె అందరి ముందే మాత్ర వేసుకుంది.

"అదేంటమ్మా?" అన్నాడు వెల్డింగాయన.

"షుగరుకి. తిరిగొచ్చింది."

మామయ్య తన అట్ట కూడా తీసి బల్ల మీద పెట్టాడు.

"మీక్కూడానా గురువుగారూ? పోయిందన్నారుగా."

"ఇన్నేళ్ళకి చుట్టపుచూపుగా వచ్చిందయ్యా," అన్నాడు మామయ్య. "మా వంశంలో మర్యాదలెక్కువ. రోజుకో మాత్ర చేతిలో పెట్టి, కిక్కురుమనకుండా ఓ మూల కూర్చోబెట్టాం."