తోతాపురి బండ్ల వరస

లోకేశ్వరి చేసిన మొదటి ట్రాక్టరు రోడ్డు మీద నిలవలేదు. మీట నొక్కగానే రోడ్డులోంచి జారి, కంప్యూటరు తెర అడుగుకు పోయి మాయమయ్యేది. మూడు వారాలు అదే తంతు.

అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. బంగారుపాళ్యం దగ్గరి పల్లెలో నాయన కుప్పయ్యకు రెండెకరాల మామిడితోట ఉంది. చిత్తూరులో బీకాం ముగించి, తిరుపతి బస్టాండు దగ్గర తిరుమలమ్మ నడిపే జిరాక్సు అంగడిలో పనికి చేరింది. మధ్యాహ్నం గిరాకీ పలచబడే రెండు గంటలూ అంగడి కంప్యూటరు ఆమెదే. ఆటలు ఆడడానికి కాదు, తయారు చేయడం నేర్చుకోవడానికి. ఆదివారాలు ఒక శిక్షణ కేంద్రానికి కూడా వెళ్ళేది. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. తప్పు జరిగినప్పుడల్లా తెర మీద ఎర్రగా వచ్చే వాక్యాన్ని నోటుబుక్కులోకి ఎక్కించుకుని, ఒక్కో మాటకూ అర్థం వెతుక్కునేది.

"ఇంత అవస్థ దేనికి మే? బ్యాంకు పరీక్షలు రాసుకోకూడదా?" అంది తిరుమలమ్మ.

"బ్యాంకులో నేను చెప్పినట్టు ఏదీ కదలదు అక్కా. ఈడ కదుల్తాది."

"కదిలేది యాడ? పడిపోతా ఉండాది గదా."

"పడనీ. ఎందుకు పడతాదో కనుక్కుంటా."

కనుక్కుంది. రోడ్డుకు రంగు పూసిందే గానీ, అది గట్టి నేల అని ఆటకు చెప్పలేదు. ఆ ఒక్కటీ చెప్పగానే ట్రాక్టరు నిలబడింది. తిరుమలమ్మ చేతిలో కాగితాలు పక్కన పెట్టి వచ్చి, కాసేపు దాన్ని అటూ ఇటూ నడిపి చూసింది.

ఆ ట్రాక్టరు కుప్పయ్యది. కిందటి వేసవిలో అతను తోతాపురి మామిడికాయల లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ ముందు రెండు రోజులు వరసలో నిలబడ్డాడు. సద్ది తీసుకుని వెళ్ళిన లోకేశ్వరికి, బండి అడుగు నుంచి రోడ్డు మీదికి కారుతున్న రసం కనిపించింది. చివరికి సగం కాయలు పారబోసి ఇంటికి వచ్చాడు. ఆమె ఆట అదే. వరస కదలాలి, కాయ మెత్తబడేలోపు గేటు చేరాలి. చేరేసరికి గేటు మూసేస్తారు.

శిక్షణ ఇచ్చే దయానంద్‌కు అది నచ్చలేదు.

"చూడమ్మా, మన కేంద్రంలో పెట్టే ఆటల ప్రదర్శనకు, పనికి మనుషుల్ని ఎంచుకునేదానికి చెన్నై కంపెనీ వాళ్ళు వస్తా ఉండారు. తయారుగా ఉన్న పరుగుల ఆట ఒకటి ఇస్తాను. బొమ్మలు, రంగులు మార్చి నీ పేరు పెట్టుకో. అందరూ అదే చేస్తా ఉండారు."

"అది నేను చేసింది కాదు గదా సార్."

"గెలవడానికి వీల్లేని ఆట ఎవరు ఆడతారు?"

"మా నాయన ఆడినాడు సార్. రెండు రోజులు."

ప్రదర్శన నాడు కంపెనీ నుంచి వచ్చిన ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని ఆట మొదలుపెట్టింది. ఏడో ట్రాక్టరు వరసలోకి రాగానే తెర బిగుసుకుపోయింది. లోకేశ్వరి ఏది నొక్కినా కదల్లేదు. కంపెనీ ఆమె మర్యాదగా నవ్వి పక్క బల్లకు వెళ్ళింది. పరుగుల ఆటలు పెట్టినవాళ్ళలో ఇద్దరిని కంపెనీ ఉద్యోగానికి ఎంచుకుంది.

"నా మాట వినుంటే నీకూ వచ్చేది," అన్నాడు దయానంద్.

లోకేశ్వరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల మాత్రం దించలేదు. "ఆగిపోయింది నాదే సార్. బాగు చేసేదీ నేనే."

పది రోజులకు తప్పు దొరికింది. ఆట ఫోనులో ఆడేలా చేసి, ఊరికి తీసుకెళ్ళి నాయన చేతిలో పెట్టింది. కుప్పయ్య అద్దాలు తగిలించుకుని చాలాసేపు ఆడాడు.

"ఇదేంది పాపా, అందురూ ఎవురి బండి మీద వాళ్ళు కూసోనుండారు?"

"వరస గదా నాయనా."

"వరసయితే? మేము అట్ల కూసోలేదే. ఒకురు నిద్రపోతే ఇంకొకురు బండి సూసినాము. తాగే నీళ్ళు పంచుకున్నాము. అందురమూ పోయి గేటు కాడ అడిగినాము."

అన్నాళ్ళూ లోకేశ్వరి మనసులో ఉన్నది ఒంటరిగా నిలబడిన నాయనే. పక్క బండ్ల మనుషుల పేర్లు అడిగింది. కుప్పయ్యకు పదకొండు మంది గుర్తున్నారు.

మరో రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఆడేవాళ్ళు ట్రాక్టరు దిగి వెనక బండివాణ్ణి పలకరించవచ్చు. నలుగురూ కలిస్తే గేటు తెరుచుకుంటుంది, ఒక్కోసారి తెరుచుకోదు. బండ్లమీద ఆ పదకొండు పేర్లూ తెలుగులోనే రాసి, ఆటను తన పేరుతో నెట్‌లో పెట్టింది.

మొదటి వారం నూట ముప్పై మంది ఆడారు. ఎవరో కింద రాశారు: "ఐదుసార్లు ఓడిపోయాను. చెత్త ఆట."

"తీసెయ్ మే దాన్ని, చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అంది తిరుమలమ్మ.

"ఉండనీ అక్కా. ఐదుసార్లు ఆడినాడంట గదా," అని లోకేశ్వరి ఇంకో ఆట కోసం కొత్త ఫైలు తెరిచింది.