నన్ను చూస్తే వణికే కుక్క

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల వేలం పిలవడం నా పని. కుప్ప పక్కన నిలబడి, చుట్టూ మూగిన వ్యాపారులకూ వెనకాల నిలబడిన రైతుకూ వినబడేటట్టు రేటు అరవాలి. కోడుమూరు నుంచి వచ్చి ఇన్నేళ్లుగా ఇక్కడ నిలదొక్కుకున్నానంటే ఈ గొంతు వల్లనే.

కుక్క కావాలన్నది మా పాప. ఆరో తరగతి చదువుతోంది. కొనుక్కునే కుక్క వద్దు, దిక్కులేనిదాన్ని తెచ్చుకుందామంది. నందికొట్కూరు రోడ్డులో, ఊరు దాటాక, వదిలేసిన కుక్కలను సాకే షెల్టరు ఒకటుంది. ఒక ఆదివారం చర్చి అయిపోయాక నేను, నా భార్య, పాప కలిసి పోయాం. కుక్కలన్నీ కంచె దగ్గరికి ఉరికొచ్చి మొరుగుతుంటే, గోధుమరంగు ఆడకుక్క ఒకటి మూలన గోడవైపు మొహం పెట్టి కూర్చుంది. పాప దాన్నే చూపించింది.

"దీన్ని యాడో శానా కొట్టినారన్నా," అంది షెల్టరు చూసుకునే ఆమె. "మగోళ్లంటే భయం. ఓపికుంటేనే తీస్కపోండి."

"నాలుగు దినాలు కడుపునిండా తింటే అదే మాలిమి అయితాదిలేమ్మా," అన్నాను. నేను ఆ మాట అంటుండగానే అది గోడకు ఇంకా అతుక్కుపోయింది.

ఇంటికొచ్చాక నా భార్య కాళ్ల దగ్గర పడుకునేది, పాప చేతిలోంచి తినేది. నా బండి చప్పుడైతే మాత్రం మంచం కిందికి దూరేది. దూరే వ్యవధి లేకపోతే నిలబడ్డ చోటే ఉచ్చ పోసేది. నేను దాని మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. మటన్ కొట్టు నుంచి కార్జం తెచ్చి పెట్టేవాణ్ణి. అది పాడుచేసిన నేలను చాలాసార్లు నేనే కడిగేవాణ్ణి. ఆ సంగతి వీధికి ఏం తెలుస్తుంది? ఎదురింటి ముస్లిం పెద్దావిడ ఒకరోజు ఆపి అడిగేసింది.

"ఏమప్పా, ఆ మూగజీవాన్ని అట్లా కొడతాండావా? నువ్వు గేటు తీస్తానే కుయ్యిమంటాది."

"లేదు ఆపా, ఒక దెబ్బ గూడా ఎయ్యలేదు."

ఆమె తలూపింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

ఆ తర్వాత మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నాం. కుక్క పాప పక్కన బుద్ధిగా కూర్చుంది. పాస్టరు అయ్యగారు నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. లేచి, రెండు చేతులూ పైకెత్తి, "పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నానో లేదో, కుక్క కీచుమని అరిచి పాస్టరమ్మ కాళ్ల మధ్య నక్కింది. చాప తడిసింది, ఆమె చీర కుచ్చిళ్లూ తడిశాయి.

"ఏం తమ్ముడూ, ఇంట్లో చెయ్యి బాగా విసురుతావా ఏంది?" అన్నారు అయ్యగారు, నవ్వులాటకే. అందరూ నవ్వారు. నా భార్య నవ్వలేదు. మొదలుపెట్టిన ప్రార్థన నేను ముగించలేకపోయాను.

మరుసటి రోజు, దాన్ని తిరిగి ఇచ్చేద్దామన్నాను. ముందు షెల్టరామెను పిలిచి చూపిద్దామంది నా భార్య. ఆమె వచ్చి, పాప పక్కన నేలమీదే కూర్చుంది. నేను లోపలికి అడుగుపెట్టగానే కుక్క పొట్టమీద పాక్కుంటూ మంచం కిందికి పోయింది. షెల్టరామె నావైపు చూసింది. తర్వాత నా భార్య వైపు, ఆమె చేతుల వైపు చూసింది.

"కొడతారామ్మా?" అని మెల్లగా అడిగింది. కుక్క గురించే అడిగిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

"అయ్యో లేదు మేడం, మా ఆయన అట్లాంటోడు కాదు," అంది నా భార్య. ఎంత గబగబా అందంటే, నా చెవికే అది అబద్ధంలా వినిపించింది.

అప్పుడు పాప, మంచం కింద చెయ్యి పెట్టి కుక్క చెవి నిమురుతూ, "కొట్టడు మేడం. అరుస్తాడు. నీళ్లు అడిగినా అరిచినట్టే ఉంటాది. నాకు గూడా గుండె దడదడమంటాది," అంది.

ఫిర్యాదు చేస్తున్నట్టు అనలేదు. బయట ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పింది. నా భార్య కాదంటుందని ఎదురుచూశాను. ఆమె కొంగు సర్దుకుంటూ ఉండిపోయింది.

తల ఎత్తలేకపోయాను. నా మీద పడిన అపవాదు తుడిచేసుకుందామని చూసినవాణ్ణి, అంతకన్నా నిజమైన మాట నా బిడ్డ నోట విన్నాను.

"వాపసు తీస్కపొమ్మంటే తీస్కపోతా," అంది షెల్టరామె. "ఉంచుకుంటే మాత్రం అన్న కొన్నాళ్లు కింద కూర్చోవల్ల. దానివైపు చూడగూడదు. మెల్లగా మాట్లాడల్ల."

తీసుకుపొమ్మంటే నాకు సుఖంగా ఉండేది. పాప ముందర ఆ మాట నోరు దాటలేదు. "ఉండనీయమ్మా," అన్నాను. ఎంత చిన్నగా అన్నానంటే, "ఏమన్నారు?" అని ఆమె మళ్లీ అడిగింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం వసారాలో, కుక్కకు వీపు పెట్టి, వెనకాల దాని గిన్నె ఉంచి కూర్చునేవాణ్ణి. "ఏమప్పా, ఇంట్లోంచి బయటికి నూకినారా?" అని దారినపోయేవాళ్లు నవ్వేవాళ్లు. సిగ్గుతో వీధివైపు చూడలేకపోయేవాణ్ణి. కష్టమంతా గొంతుతోనే. యార్డులో పొద్దంతా అరిచి వచ్చాక అది ఒకంతట దిగదు. వీధి మలుపులో బండి ఆపి, నీళ్లు తాగి, కాసేపు ఊరికే నిలబడి ఇంటికి వచ్చేవాణ్ణి. ఉప్పు అడగాలన్నా ముందు లోపల అనుకుని అడిగేవాణ్ణి.

కొన్నాళ్లకు నా భార్య అన్నం తినేటప్పుడు మాట్లాడడం మొదలుపెట్టింది. వాళ్ల చెల్లెలి సంగతులు, బడికి పోయే రోజుల్లో తాను బావిలో జారిపడిన సంగతి, ఏవేవో. ఇన్ని మాటలు ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో. వింటూ ఉంటే సంతోషం కన్నా సిగ్గే ఎక్కువయ్యేది.

వానలు పడే నాటికి, నేను లేచి పోకముందే కుక్క గిన్నె దగ్గరికి రావడం మొదలైంది. ఇప్పుడు నాకు బారెడు దూరంలో పడుకుంటుంది. నేను లేస్తే మాత్రం తానూ లేచి నిలబడుతుంది. ఇంతకన్నా దగ్గరికి రాకపోవచ్చని షెల్టరామె చెప్పింది. దాని తల నిమరాలని నాకు శానా ఉంటుంది. చెయ్యి కదిపితే దాని కళ్లు నా చేతి వెంటే తిరుగుతాయి. అందుకని చేతులు రెండూ ఒళ్లో పెట్టుకునే కూర్చుంటున్నాను.