ఆపదకని ఇచ్చిన నంబరు

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, నా గొంతు పెద్దది కాదు. ఇందాక మాదాపూర్ సందులో నడుస్తుంటే ఏదో హాస్టల్ వంటింట్లోంచి ఇడ్లీ ఆవిరి వాసన ముఖానికి తగిలింది. వెంటనే సుశీలమ్మగారు గుర్తొచ్చారు. గుడివాడ వైపు మనిషి. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల కోసం ఇక్కడ హాస్టల్ నడిపేవారు, అందులో నేను వంట చేసేదాన్ని. నేను చదివింది తక్కువే గానీ, ఆవిడ అన్న మాటలు మాత్రం మరిచిపోలేదు.

మా దగ్గర గిన్నెలు తోమే యాదమ్మ భర్త కోకాపేటలో కడుతున్న బిల్డింగు మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొందరగా ఆపరేషన్ చేయకపోతే కాలు సరిగా కుదురుకోదన్నారు. హాస్టల్ మేనేజరు రమణకు ఒక ఉపాయం తోచింది. పిల్లలు చేరేటప్పుడు తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఇస్తారు కదా, డబ్బు సాయం అడుగుతూ అందరికీ ఒక మెసేజి పెడదామన్నాడు.

"పుణ్యానికే కదమ్మా. తలా కొంచెం ఇస్తే అయిపోతుంది."

"అవి ఆపదకని ఇచ్చిన నంబర్లు రమణా, మన పుణ్యానికి కాదు," అన్నారు సుశీలమ్మగారు.

"మరి యాదమ్మకొచ్చింది ఆపద కాదా అమ్మా?" అన్నాను నేను.

"ఆపదే. అయినా నంబర్లు వాళ్లవి," అన్నారు ఆవిడ. ఆ మాట నాకు కొరుకుడు పడలేదు.

రమణకు మనసు ఆగలేదు. ఆవిడ బయటికి వెళ్లినప్పుడు అనంతపురం నుంచి వచ్చిన ఒక పిల్ల తండ్రికి హాస్టల్ ఫోన్ నుంచే చేశాడు. "హాస్టల్ నుంచండి, ఒక ఆపరేషన్ గురించి" అన్నాడో లేదో, అవతల ఏడుపు. మీ అమ్మాయికి కాదని ఎంత చెప్పినా, ఆ పిల్ల చేతే మాట్లాడించినా వాళ్లకు నమ్మకం కుదరలేదు. తెల్లారేసరికి ఆ తండ్రి మా గేటు దగ్గరున్నాడు. తడి జుట్టుతో ఇడ్లీ తింటున్న కూతుర్ని చూసి మెట్టు మీదే కూలబడ్డాడు.

"ఏంది నాయనా, ఫోన్లో మాట్లాడితిని కదా," అంది ఆ పిల్ల.

"గొంతు ఇనిపించె గానీ, ఏమన్నా దాస్తాండావేమో అనుకుంటిమి మీ అమ్మా నేనూ."

సుశీలమ్మగారు చేతులు జోడించి క్షమించమన్నారు, టిఫిన్ పెట్టించారు. నేను ఆవిడను వంటింట్లోకి పిలిచి మెల్లగా అన్నాను, "ఎదురుగనే ఉన్నడు గదమ్మా. ఇప్పుడడిగితే ఇస్తడు."

"ఇస్తాడు. కూతురు క్షేమంగా కనిపించింది, ఇప్పుడు ఏమడిగినా కాదనలేడు. అందుకే అడగకూడదు."

సాయంత్రం ముందుగా యాదమ్మనే అడిగారు, మీ ఆయన సంగతి పిల్లలకు చెప్పనా అని. "చెప్పుండ్రి అమ్మా. పేరు ఒద్దు, ఆయనకు నామోషీ," అంది యాదమ్మ. పేరు లేకుండానే భోజనాల దగ్గర చెప్పారు. ఎవరు వేశారో కనిపించకుండా తలుపు వెనక ఒక డబ్బా పెట్టారు. "వేసినవాళ్లూ వేయనివాళ్లూ రేపు నాకొకటే," అన్నారు. చాలనిది తనే సర్దారు. అదంతా అయ్యేసరికి ఆపరేషన్ కాస్త ఆలస్యమైంది. యాదమ్మ భర్త నడుస్తున్నాడు గానీ కుంటుతాడు.

మెసేజి పెట్టి ఉంటే ఆ కుంటు ఉండేది కాదేమోనని ఒకసారి ఆవిడతోనే అన్నాను. "అదీ నిజమే కావచ్చు. ఆ బరువు నాది, నేను మోస్తాను," అన్నారు.

ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో నాకు సొంత కర్రీ పాయింట్ ఉంది. కూరలకు చెప్పేవాళ్ల నంబర్లన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి. విరాళాలకని ఎవరైనా వాటిని అడిగితే ఇవ్వను. సాయంత్రం రండి, వాళ్లు కూరలకు వస్తారు, ముఖం చూసి అడగండి, కాదంటే నవ్వుతూ వెళ్లండి అంటాను. అలా అన్నాక, యాదమ్మ భర్త కాలీడ్చుకుంటూ షాపు ముందు నుంచి వెళ్తే చూపు తిప్పుకోలేను. ఆవిడ పద్ధతితో పాటు, ఆ బరువులో కొంత నాకూ వచ్చింది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట ఫోన్ మోగినప్పుడల్లా అవతల నుంచి క్షేమమే వినిపించాలి.